వీబె వంచిన జమ్ము

వీబె బాబాయ్ ముప్ఫై ఏళ్లు పాల లారీ తోలాడు. మా నాన్నకి స్నేహితుడు, అలా నాకు బాబాయ్. రిటైరయ్యాక ఫ్రీస్‌లాండ్ చిత్తడిలో మా పక్షుల సంఘం కట్టిన చెక్క గుడిసెలో కూర్చుని, జమ్ముగద్దల్ని ఫొటోలు తీయడమే ఆయన పని. ఏటా సంఘం క్యాలెండరుకి ఒకటి ఇచ్చేవాడు. ఏటా గద్ద మొహానికి అడ్డంగా ఓ జమ్ము పుల్ల ఉండేది.

"ఏం బాబాయ్, మళ్లీ గడ్డి ఫొటోయేనా? గద్ద ఎక్కడుందో బాణం గుర్తు పెట్టు!" అని అందరి ముందూ ఏడిపించేవాణ్ణి. జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆయనా కాఫీ కప్పులోకి చూస్తూ నవ్వేవాడు. నాది నోటి దురుసు. ఎదుటివాడు నొచ్చుకున్నాడేమోనని చూసే అలవాటే లేదు.

మొన్న జూన్‌లో మొదటిసారి ఓ గద్దల జంట గుడిసెకి ఎదురుగా జమ్ములో గూడు పెట్టింది. మూడు పిల్లలు, పుట్టి వారం. గూటి దగ్గరికి ఎవరూ వెళ్లకూడదన్నది మా కట్టుబాటు. అదెక్కడుందో బయటివాళ్లకి చెప్పం కూడా.

"ఒరే ఔకె, నాలుగు పుల్లలు పక్కకి వంచితే చాలురా. ఫొటో అవగానే మళ్లీ లేపేద్దాం," అన్నాడు బాబాయ్.

"ఈ వయసులో దొంగ పనులా?" అంటూనే పడవ తోశాను. పుల్లలు ఆయన వంచాడు, పడవ కదలకుండా నేను పట్టుకున్నాను. గుడిసెలోకి తిరిగొచ్చి ఫొటో తీశాం. తల్లి కాళ్లలో ఎలుక, కింద తెరుచుకున్న మూడు నోళ్లు. అబ్బ, ఏం ఫొటో! అంతలో వాన దంచేసింది. పుల్లలు లేపడం రేపు చూద్దాంలే అని బాబాయ్‌ని లాక్కొచ్చేశాను. ఆ మాట అన్నది నేనే.

పొద్దున్నే వెళ్లేసరికి గూడు ఖాళీ. వంచిన సందులోంచి అది కాకుల కంటబడింది. గూటి అంచున ఇంకా రెండు కాకులున్నాయి. పైన ఆడగద్ద అరుస్తూ తిరుగుతోంది. బాబాయ్ కెమెరా సంచీ తెరవలేదు.

ఆ శుక్రవారం సంఘం మీటింగు జరిగింది. తీసిన రాత్రే బాబాయ్ క్యాలెండరుకి పంపేసిన ఆ ఫొటోని అధ్యక్షురాలు హిల్టియె తెరమీద వేయగానే చప్పట్లు మోగాయి. బాబాయ్ లేచాడు.

"దాన్ని క్యాలెండరులో వేయొద్దమ్మా. జమ్ము వంచింది నేను. పిల్లలు నావల్లే పోయాయి."

"సిగ్గులేదూ? కొత్తవాళ్లకి నీతులు చెప్పేది నువ్వేగా!" అంది హిల్టియె. "ఒక్కడివే వెళ్లావా?"

ఆయన నావైపు చూడలేదు. "ఒక్కణ్ణే."

నేనూ ఉన్నానని లేచి చెప్పడానికి ఎంతసేపు? ఊరందర్నీ ఆడిపోసుకునే నోటితో కేకు ముక్క నములుతూ కూర్చున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

గుడిసె బాధ్యత ఆయన్నుంచి తీసేశారు. హిల్టియె తాళంచెవి నా ముందు పెట్టింది. "ఇక నువ్వు చూసుకో ఔకె. నమ్మకమైన మనిషి కావాలి."

తీసుకున్నాను.

బయట సైకిలు పట్టుకుని బాబాయ్ నా కోసం ఆగాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"వానకి గుడిసె తలుపు బిగుసుకుపోతుందిరా," అన్నాడు. "భుజంతో నెట్టు. మరీ గట్టిగా కాదు, పక్షులు బెదురుతాయి."