డబ్బాలో వచ్చిన నాటకాల బొమ్మలు

"ఇప్పుడే తీసెయ్. ఒక్కటి కూడా గోడ మీద ఉండకూడదు."

"ఇప్పుడు తీస్తేనే అమ్మా, నిజంగా దొంగల్లా ఉంటాం. అతను ఆల్రెడీ చూసేశాడు."

"చూశాడు కాబట్టే తీయమంటున్నాను."

"చూశాక తీస్తే ఏమనుకుంటాడు? దాచేశారనుకోడూ?"

"దాచమని ఎవరన్నారు? పట్టుకెళ్ళి ఇచ్చేయమంటున్నాను."

"ఆవిడ గిఫ్ట్ ఇచ్చింది. గిఫ్ట్ రిటర్న్ చేస్తే హర్ట్ అవుతుంది."

"ఆవిడకు పొద్దున తిన్నదేమిటో సాయంత్రానికి గుర్తుండదు. ఇచ్చానని గుర్తుంటుందా? ఇవ్వలేదంటే మన గతేమిటి?"

మా అమ్మాయి కార్ తాళాలు టేబుల్ మీద విసిరేసి సోఫాలో కూర్చుంది. ఆఫీస్ బట్టలు కూడా ఇంకా మార్చుకోలేదు.

అంతకు కాసేపటి ముందే పక్కింటి ముసలావిడ కొడుకు మా తలుపు కొట్టాడు. వేరే ఊళ్ళో ఉంటాడు. తల్లిని తన ఊరికి దగ్గర్లో పెద్దవాళ్ళను చూసుకునే చోట చేర్చడానికి, ఈ ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చాడు. తల్లి దగ్గర ఎప్పటినుంచో ఉన్న పాత అచ్చు బొమ్మల అట్ట సంచి తెరిస్తే సగానికి పైగా ఖాళీగా ఉందట. మీరెవరైనా చూశారా అని అడగడానికి వచ్చాడు. ఆ మాట అంటూనే మా అమ్మాయి భుజం మీదుగా లోపలికి చూశాడు. ఎదురుగా హాలు గోడ. గోడ మీద వరసగా ఆ బొమ్మలే.

అతను గొడవ పడలేదు. "ఓ" అన్నాడు. నవ్వాడు. రేపు మాట్లాడదాం అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ నవ్వే నాకు నచ్చలేదు. అరిచే మనిషికి జవాబు చెప్పవచ్చు. నవ్వి వెళ్ళేవాడు ఇంటికి వెళ్ళి ఏం చేస్తాడో తెలియదు.

ఆ బొమ్మలు మా ఇంటికి ఎలా వచ్చాయో చెప్పాలి. అమెరికాలో, ఈ ప్లేనోలో కార్ నడపడం రాని మనిషికి కాళ్ళుండీ లేనట్టే. అల్లుడు వారంలో ఎక్కువ రోజులు వేరే ఊరి ఆఫీస్‌లో, అమ్మాయి ఇక్కడి ఆఫీస్‌లో, మనవరాలు స్కూల్లో. ఆదివారం తెలుగు చర్చికి తీసుకువెళితే నాలుగు మాటలు. మిగతా రోజులన్నీ నేనూ, చెక్క కంచె అవతల ఆ ముసలావిడా. నాకు ఆవిడ భాష రాదు, ఆవిడకు నాది రాదు. "హాట్" అని నేనంటే "వెరీ హాట్" అని ఆవిడ అనేది. మా స్నేహం అంతవరకే.

ఒకరోజు గారెలు మిగిలాయి. మిగిలినవి పారేయడం నా ఒంటికి పడదు. స్టీల్ డబ్బాలో పెట్టి కంచె మీదుగా అందించాను. మర్నాడు డబ్బా శుభ్రంగా కడిగి తిరిగి ఇచ్చింది. మూత తీస్తే ఖాళీ. మా వైపు ఖాళీ గిన్నె తిరిగి పంపరు. ఏమీ లేకపోతే చిన్న బెల్లం ముక్కైనా, గుప్పెడు మరమరాలైనా వేసి పంపుతారు. ఈ దేశపు మనిషికి తెలియదులే అని పైకి అన్నాను. మనవరాలు పక్కనే ఉంది.

రెండోసారి పులిహోర పంపాను. ఈసారి డబ్బా లోపల పల్చటి తెల్ల కాగితంలో చుట్టిన బొమ్మ ఒకటి ఉంది. నల్ల సిరాతో అచ్చొత్తిన బొమ్మ. కత్తి దూసి, ఒక కాలు ముందుకు వేసి, కళ్ళు మిటకరించి చూస్తున్న మనిషి. ముఖం దగ్గరగా పెట్టుకుని చూస్తే అంతా గీతలే. బుగ్గా గీతలే, నీడా గీతలే. కాస్త దూరంగా పట్టుకుంటే మనిషి అయ్యాడు. కింద సన్నటి అక్షరాలు. మనవరాలు చదివి, వేషం వేసినవాడి పేరూ, వేషం పేరూ ఉన్నాయని చెప్పింది.

ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరు. ఇవాళ బొమ్మ ఇచ్చింది, రేపు హాస్పిటల్‌కి తీసుకెళ్ళమంటుంది, ఎల్లుండి రాత్రి తోడు పడుకోమంటుంది అనుకున్నాను. అలాగని పుచ్చుకున్నదానికి బదులు పెట్టకుండా ఉండలేను. మళ్ళీ ఏదో ఒకటి వండి పంపాను. మళ్ళీ బొమ్మ వచ్చింది. ఆవిడ పెడుతోందని నేను, నేను పంపుతున్నానని ఆవిడ. ఎవరం ముందు ఆపాలో తెలియలేదు.

వచ్చినవన్నీ నాటకాలవే. సింహాసనం ముందు మోకాళ్ళ మీద వాలిన వాడు. స్టేజీ మీద తెర, తెర ముందు దీపాలు, కింద చూసే జనం నెత్తులు. మగవాడి ఇజారు తొడుక్కుని నడుం మీద చెయ్యి వేసుకున్న ఒకడు. వాడి నడుం చూసి నాకు అనుమానం వచ్చింది.

"అమ్మమ్మా, అది ఆవిడ. లేడీ. అబ్బాయి రోల్ చేస్తోంది" అంది మనవరాలు.

"అదిగో. అన్నీ మోసాలే."

ఇంకొకదాంట్లో నటుడి కవచానికి ఎర్రటి, పచ్చటి రేకు ముక్కలు అతికించి ఉన్నాయి. చొక్కా ఉండాల్సిన చోట నిజం పట్టు గుడ్డ. ఎవడో అతుకులు వేసినది మనకు అంటగట్టిందన్నాను. మా అమ్మాయి ఫోన్‌లో వెతికింది.

"కాదమ్మా, అప్పట్లో ఇంగ్లండ్‌లో అలాగే చేసేవాళ్ళట. నచ్చిన యాక్టర్ బొమ్మ కొనుక్కుని, ఇంట్లో కూర్చుని రేకులు అతికించేవాళ్ళట. ఇవి వందేళ్ళు దాటినవి. రాగి రేకు మీద, స్టీల్ రేకు మీద చెక్కి, ప్రింట్ చేసినవి."

"అంత పాతవైతే మనకెందుకు ఇస్తోంది?"

"ఆవిడ స్కూల్లో డ్రామా టీచర్‌గా చేసిందట. మనం చూసి ఎంజాయ్ చేస్తామని ఇస్తోందేమో. నీకు అన్నీ డౌట్లే."

డౌట్లే మరి. మా నాన్న చర్చి సంఘంలో బైబిల్ వాక్యం చెప్పేవాడు. మమ్మల్ని నాటకాలకు పంపేవాడు కాదు. వేషం వేసినవాడు పగలు కూడా వేషంలోనే మాట్లాడతాడని ఆయన నమ్మకం. నేను పెద్ద చదువు చదవలేదు, ఆయన చెప్పినవే నాకు మిగిలాయి. మా అమ్మాయి సేల్‌లో ఫ్రేములు తెచ్చి వాటిని హాల్లో వేలాడదీసినప్పుడు ఫ్రేములెందుకు, ప్లాస్టిక్ కవర్లు చాలవా అన్నాను. వినలేదు. అప్పటినుంచి కూరగాయలు తరుగుతున్నంతసేపూ ఆ మిటకరించిన కళ్ళన్నీ నా వీపు మీదే ఉన్నట్టుండేది.

చివరగా వచ్చింది ఇంగ్లీషువాళ్ళ పెద్ద నాటకాల రచయిత బొమ్మ. సగం నెత్తి బట్టతల, చిన్న గడ్డం, మెడ చుట్టూ ఇస్తరాకంత కాలర్. "ఈయన మా టెక్స్ట్‌బుక్‌లో ఉంటాడు అమ్మమ్మా, చాలా ఫేమస్" అంది పిల్ల. అందరిలోకీ అతనొక్కడే వేషం లేకుండా ఉన్నాడు. అయినా ఇన్ని వేషాలు పుట్టించినవాడు అతనే కదా అని అతన్నీ నేను నమ్మలేదు.

ఇదీ కథ. ఆ సాయంత్రం మా అమ్మాయి సోఫాలో కూర్చుని తల పట్టుకుంది.

"అసలు ఆవిడ ప్రతిసారీ బొమ్మే ఎందుకు పెట్టింది?" అన్నాను. "ఒక పండు పెట్టవచ్చు. ఒక బిస్కెట్టు పెట్టవచ్చు."

మనవరాలు మెట్ల మీద కూర్చుని వింటోంది. "అమ్మమ్మా, అది... నేను చెప్పాను" అంది.

"ఏం చెప్పావ్?"

"ఎంప్టీ బాక్స్ ఇస్తే మా అమ్మమ్మకి నచ్చదు, మా కల్చర్‌లో ఏదో ఒకటి పెట్టాలి అని. నువ్వు ఆ రోజు అన్నావ్ కదా. సో షీ సెడ్, నేను కుక్ చేయలేను, ఏం పెట్టను అని."

"వండలేకపోవడమేమిటి?"

"వాళ్ళ సన్ స్టవ్ నాబ్స్ తీసేశాడు. ఫైర్ అవుతుందని. గ్రోసరీ కూడా అతనే ఆర్డర్ చేస్తాడు. షీ హాజ్ నథింగ్, అమ్మమ్మా. ఫ్రోజెన్ డిన్నర్స్, అంతే."

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఆవిడ ఏదో ఆశించి ఇస్తోందని ఇన్నాళ్ళూ కాపు కాశాను. ఆవిడేమో నా డబ్బా ఖాళీగా పంపకూడదని తన సంచి ఖాళీ చేసుకుంది. ఇంట్లో పెట్టడానికి ఇంకేదీ లేక తనకు బాగా ఇష్టమైనవే పెట్టింది. ఇప్పుడు ఆ కొడుకు దృష్టిలో నేనెవరిని? మతిమరుపు ముసలిదానికి గుప్పెడు పులిహోర పెట్టి ఇల్లు దోచినదాన్ని. అతని చోట నేనుంటే నేనూ అదే అనుకుంటాను. ఇంకా ఎక్కువే అనుకుంటాను.

"అయితే మనం వెళ్ళి ఎక్స్‌ప్లెయిన్ చేద్దాం" అంది మా అమ్మాయి. "కస్టమ్ అని చెబితే అర్థం చేసుకుంటాడు."

"గిన్నె ఖాళీగా పంపకూడదని అమెరికా వాడికి చెబుతావా? బొమ్మలు చేతిలో పెట్టుకుని చెబితే కట్టుకథ అంటాడు. ముందు బొమ్మలు ఇవ్వు. తర్వాత చెప్పు."

"ఆవిడ ఫీల్ అయితే?"

"ఆవిడ ఫీలైతే నేను చూసుకుంటాను. నన్ను దొంగ అంటే ఎవరు చూసుకుంటారు?"

"అబ్బా, నీతో గెలవలేం."

"గెలవద్దు. ఆ స్టూలు పట్టుకో."

అన్నం తినకముందే అన్నీ దించాం. ఫ్రేముల్లోంచి తీసి, అదే పల్చటి కాగితాల్లో చుట్టాం. ఆ కాగితాలు నేను పారేయలేదు, సొరుగులో మడిచి దాచాను. ఒక్కొక్కటి చుడుతుంటే మా అమ్మాయి ముక్కు ఎగబీల్చింది. నేను చూడనట్టే ఇంకొకటి చుట్టాను.

మర్నాడు పొద్దున మనవరాలిని వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళాను. శనివారం. హాలంతా అట్టపెట్టెలు. ముసలావిడ కిటికీ పక్కన కుర్చీలో, బయటికి వెళ్ళే బట్టల్లో కూర్చుని ఉంది. కొడుకు తలుపు తీశాడు. నేను కట్ట అతని చేతుల్లో పెట్టాను. పిల్ల తనకు తోచినట్టు అంతా చెప్పింది, గిన్నె సంగతి, పొయ్యి సంగతి కూడా. పొయ్యి మాట రాగానే అతని చెవులు ఎర్రబడ్డాయి.

అతను తల్లి ముందు వంగి, ఇవి నువ్వే ఇచ్చావా అని అడిగాడు. ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. గుర్తుపట్టలేదేమో అనుకున్నాను. తర్వాత ఆవిడ గట్టిగా ఏదో అంది. పిల్ల నా చెవిలో చెప్పింది: "అవును నేనే ఇచ్చాను, నా వస్తువులు, నా ఇష్టం అంటోంది." కొడుకు సరే సరే అని ఆవిడ భుజం తట్టాడు. చంటిపిల్లను తట్టినట్టు తట్టాడు. నమ్మినట్టు లేదు.

కట్ట విప్పి ఒక్కొక్కటీ తీసి చూశాడు. ఆవిడ చెయ్యి చాచి, రేకులు అతికించిన బొమ్మను నా వైపు జరిపింది. అతను దాన్ని మెల్లగా లాక్కుని మళ్ళీ కట్టలో పెట్టాడు. తర్వాత నన్ను కాకుండా పిల్లను అడిగాడు, అన్నీ ఇవేనా అని.

"వచ్చి చూసుకోమని చెప్పు" అన్నాను.

"అమ్మమ్మా, అలా అక్కర్లేదు..."

"చెప్పు."

చెప్పింది. వద్దంటాడనుకున్నాను. అనలేదు. మా వెనకే వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పమన్నాను, విప్పాడు. హాలు చూశాడు, మెట్ల పక్క గోడ చూశాడు, పిల్ల గదిలోకి తొంగి చూశాడు. మా అమ్మాయి వంటింట్లో కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడింది. అతను నా గదిలో మంచం తలవైపు గోడ కూడా చూసి, థాంక్యూ అని చెప్పి బూట్లు వేసుకున్నాడు.

ఇంకాసేపటికి కార్ బయలుదేరింది. బొమ్మల సంచి వెనక సీట్లో పెట్టి, దానికి కూడా బెల్టు పెట్టాడు. ముసలావిడ ముందు సీట్లో కూర్చుంది. కార్ మలుపు తిరిగేదాకా ఆవిడ మా ఇంటి వైపే చూసింది. నేను చెయ్యి ఊపాను. ఆవిడ ఊపలేదు.