పరదా ఇవతలికి రాని సగం మాట

సూర్యగ్రహణం చూడటానికి సముద్రాల అవతలి నుంచి దొరలు వస్తున్నారన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా ఫుప్పీ, అంటే మా నాన్న చెల్లెలు. ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ళకు నూలుకు రంగు వేయడం ఆమె పని. రంగుపొడి కొనడానికి ఆదోని వచ్చినప్పుడల్లా మా ఇంట్లో భోంచేసి సాయంత్రం బస్సుకు వెళ్ళేది. ఆ రోజు చెప్పులు కూడా విప్పకముందే మొదలుపెట్టింది. మా ఇళ్ళలో మాటలు సగం ఉర్దూ, సగం తెలుగు. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"అన్నా, ఇన్నావా? రాయచూరు పక్కన దొరలు డేరాలేసినారంట. పట్టపగలే పొద్దు ఆరిపోతాదంట. అది సూసేకి ఓడలెక్కి వచ్చినారంట!"

"విమానమెక్కి వచ్చింటారులే," అన్నాడు నాన్న.

"ఏదో ఒగటి ఎక్కినారులే. వాళ్ళలో ఒగాయప్ప మా ఊర్లో మీటింగు పెడతాడంట, ఎట్ల సూడల్లో సెప్తాడంట. ఆడోళ్ళకు పరదా కడతారంట. నీ కూతుర్ని నాతో పంపు."

నేను బడికి పోలేదు. అలిఫ్ బే అయినా అ ఆలైనా నాన్న దగ్గర నేర్చుకున్నవే. ఆ మేలుకు ఈనాటికీ నమాజు తర్వాత ఆయన కోసం దువా చేస్తాను. ఆ రోజు కూడా ఆయన వద్దనలేదు. "దేవుడు చేసిన దాన్ని గురించి ఇనేకి పోతామంటే వద్దంటానా?" అన్నాడు.

మీటింగు హాల్లో ఒక పక్క పరదా కట్టారు. పరదా మాదే. దానితో నాకు అప్పుడూ పేచీ లేదు, ఇప్పుడూ లేదు. మాట వినడానికి కళ్ళు అక్కర్లేదు గదా అనుకున్నాను. దొర గొంతు మెత్తగా ఉండింది. ఇంగ్లీషు ఆయన సొంత భాష కాదేమో, ఒక్కొక్క మాట ఏరి పెడుతున్నట్టు చాలాసేపు మాట్లాడాడు. మగవాళ్ళ వైపు నుంచి "ఓహో" అని, "అట్లనా" అని వినిపిస్తోంది. ఆయన ఏదో చేసి చూపిస్తున్నాడు. తర్వాత ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన, పెద్ద చదువు చదివినవాడు, మైకు తీసుకుని తెలుగులో చెప్పాడు.

"దొరగారు చెప్పేదేమంటే, సూర్యుణ్ణి ఉత్త కళ్ళతో చూడరాదు. నల్లటిదేదైనా అడ్డం పెట్టుకోవాలి."

దొర మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకా ఎక్కువసేపు. మధ్యలో ఏదో అట్ట చించిన చప్పుడు మైకులో వినిపించింది. పెద్దమనిషి మళ్ళీ మైకు అందుకున్నాడు. "అదంతా సైన్సు. మన ఆడపడుచులు మాత్రం తలుపులేసుకొని ఇంట్లో ఉంటే మంచిది."

ఫుప్పీ ఊరుకోలేదు. పరదా వెనక నుంచే గొంతెత్తింది. "అంతసేపు మాట్లాడె గదప్పా ఆయప్ప! ఇంతేనా సెప్పింది?"

"ఇంతేనమ్మా. నువ్వేమన్నా టెలిస్కోపు పెడతావా?"

హాలంతా నవ్వింది.

"పెడితే నీకే మొదట సూపిస్తాలేప్పా!" అంది ఫుప్పీ. మా వైపు కూడా నవ్వులే. నవ్వుతూనే ఫుప్పీ ఇంటికి వచ్చాం. గ్రహణం దాకా నేను అక్కడే ఉండిపోయాను.

గ్రహణం రోజు వీధిలో మనిషి లేడు. అందరూ తలుపులు బిగించుకున్నారు. ఫుప్పీ మాత్రం, "అల్లా తన నిషానీ సూపిస్తాంటే తలుపేసుకొని పండుకుంటే ఎట్ల?" అంటూ పెట్టె తెరిచి, తానే రెండుసార్లు ముంచి తీసిన నల్లబట్ట తీసింది. నలుపు కుదిరిందా లేదా అని తేల్చడానికి రంగు పనివాళ్ళకు ఒక పద్ధతి ఉంది. బట్టను దీపానికి అడ్డం పట్టి చూస్తారు. దీపం కనిపిస్తే మళ్ళీ ముంచాలి, కనిపించకపోతే సరుకు ఇచ్చేయవచ్చు. ఆమె ఆ బట్టను మడిచి దీపానికి అడ్డం పట్టింది. ఏమీ కనిపించలేదు.

"నల్లటిది అన్న్యాడు గదా. నా నలుపు కంటే నలుపు ఈ ఊర్లో యాడుంది?"

మేమిద్దరం గ్రహణం నమాజు చదివాం. ఆమె నాకంటే ముందు ముగించి పెరట్లోకి వెళ్ళింది. నేను వెళ్ళేసరికి ఆరేసిన నూలు చిలపల మధ్య నిలబడి, కళ్ళకు బట్ట అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది.

"ఎర్రగ కనపడతాంది బేటీ, కొడవలి మాదిరి. నొప్పేమీ లేదు."

నేను దగ్గరికి నడిచేలోపే చీకటి పడిపోయింది. కాకులు గోల పెట్టాయి. ఆకాశంలో నల్లటి బిళ్ళ, దాని చుట్టూ తెల్లటి వెలుగు. సుభానల్లా అనడం తప్ప నాకేమీ తోచలేదు. నాకది చూపించినందుకు అల్లాకు ఎన్ని శుక్రియాలు చెప్పినా తక్కువే. వెలుగు మళ్ళీ చిమ్మగానే నేను భయపడి లోపలికి పరుగెత్తాను. ఫుప్పీ మళ్ళీ బట్ట ఎత్తింది.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకు దీపం వెలిగిస్తూ, "వత్తి ఉంది గానీ మంట కనపడదేమి?" అంది. మంట ఉంది. ఆమె చూపు మధ్యలో మచ్చ పడింది.

కొన్నాళ్ళకు, నేనింకా ఫుప్పీ దగ్గరే ఉండగా, ఆమె కూతురు రాయచూరులోని అత్తగారింటి నుంచి వచ్చింది. వస్తూనే, మధ్యలో సూదితో పొడిచిన పోస్టుకార్డు ఒకటి సంచిలోంచి తీసింది. అదే దొర అక్కడా మాట్లాడాడట. అక్కడి పంతులు ఒకాయన ప్రతి మాటా కన్నడంలో చెప్పి, అర్థమయిందా అని ఆడవాళ్ళను అడిగి మరీ ముందుకు పోయాడట.

"ఇట్ల సూదితో బొక్క పొడిసి, పొద్దుకు ఈపు తిప్పి నిలబడల్లంట అమ్మీ. గోడ మీద సూర్యుడి బొమ్మ పడతాదంట. మేమందరం సూసినాము, పిల్లోళ్ళు కూడా. బట్ట మాత్రం వద్దే వద్దన్న్యాడు. ఎంత నల్లదైనా వద్దంట. వెలుగు ఆగినా కంటికి కనపడని వేడి దాంట్లో నుంచి దూరి పోతాదంట. లోపల కాలినా నొప్పి తెలీదంట..."

చెబుతూ చెబుతూ ఆగింది. "ఏమ్మీ, అట్ల పక్కకు సూస్తావు? నా మీద కోపమా?"

"నిన్ను సూడల్లంటే పక్కకే సూడల్ల బిడ్డా," అంది ఫుప్పీ.

ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు వచ్చేది దుఃఖం కాదు, కోపం.

నాన్నను వెంటబెట్టుకుని ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళాను. గడప ఇవతలే నిలబడి, "ఆయన బట్ట వద్దని చెప్పినాడంట గదా, మీరెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"అవన్నీ ఆడోళ్ళకు ఎట్ల అర్థమైతాయమ్మా? అయినా ఇంట్లో ఉండమని చెప్తిమి గదా," అన్నాడాయన. అని, నాన్నకు కుర్చీ వేయించి కాఫీ తెప్పించాడు. నాన్న ఆ గ్లాసు ముట్టకుండా లేచి వచ్చేశాడు.

ఏ దేశపు మనిషో, తన భాష వదిలి ఇంకో భాషలో, వెలుగు గురించి మాకు చెప్పాలని వచ్చాడు. ఆయన మాట సముద్రాలు దాటింది. రాయచూరులో కన్నడంలోకి చక్కగా దాటింది. ఎమ్మిగనూరులో మైకు నుంచి పరదా దాకా, చెయ్యి చాపితే అందే దూరం, అది మాత్రం దాటలేకపోయింది. ఆపింది బట్ట కాదు. వీళ్ళకు ఇంత చాలులే అనుకున్న ఒక మనిషి ఆపాడు. హాల్లో ఆ అట్టనూ ఆ సూదినీ చూసిన మగవాళ్ళలో ఒక్కడైనా ఇంటికెళ్ళి భార్యకు చెప్పి ఉంటే వీధిలో ఆ మాట మాకూ చేరేది. వాళ్ళూ చెప్పలేదు. మరీ బరువైన శాస్త్రమేమీ కాదది. ఒక అట్ట, ఒక సూది, వెనక్కి తిరగడం. సూది పట్టడం రాని ఆడది ఆ వీధిలో ఉందా?

ఫుప్పీ మళ్ళీ రంగు తొట్టి దగ్గర నిలబడలేదు. ఛాయల తేడా తెలియని చేతికి నూలు ఎవరిస్తారు? ఎదురుగా వచ్చినవాళ్ళను పక్కచూపులు చూస్తుంటే, "ఈమెకు పొగరు" అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ పెద్దమనిషిని ఆమె తిట్టగా నేను వినలేదు. నాకు అంత ఓర్పు లేదు. ఆయనను క్షమించే మనసు ఇవ్వమని ఎన్నోసార్లు దువా చేశాను. ఇంకా రాలేదు.

కొన్నేళ్ళకు మళ్ళీ గ్రహణం వచ్చింది, ఈసారి సగమే. వారం ముందు నుంచీ ఫుప్పీ ఇల్లిల్లూ తిరిగింది. పాత పోస్టుకార్డులు అడిగి తెచ్చి, తడుముకుంటూ సూదితో పొడిచి పంచింది. ఆ రోజు పెరట్లో ఆడవాళ్ళందరూ సూర్యుడికి వీపు పెట్టి నిలబడితే, గోడ నిండా చిన్న చిన్న నెలవంకలు పడ్డాయి. "ఉందా? బాగ పడిందా?" అని ఆమె అడుగుతోంది, మొహం పక్కకు తిప్పి.

ఆ పని చేయవలసింది ఆమె కాదు.

ఇది చదివిన మీరు ఎప్పుడైనా గ్రహణం రోజున అట్టకు సూదితో బొక్క పొడిస్తే, బొమ్మ గోడ మీద పడగానే పక్కనున్న వాళ్ళకు పూర్తిగా, ఒక్క ముక్క కూడా మింగకుండా చెప్పండి. చెప్పి, ఎమ్మిగనూరులో నూలుకు నలుపు వేసిన మా ఫుప్పీని ఒకసారి తలుచుకోండి.