చెయ్యి దించని బల్ల

అతని అసలు పేరు షెడ్డులో ఎవరికీ గుర్తులేదు. అందరికీ అతను "చెవి". చెవీ ఇటు రా, చెవీ టీ తాగావా. కొత్తగా చేరినవాడు ఆ పిలుపు విని నవ్వేవాడు. ఓ పూట పని చేశాక ఆ నవ్వు ఆగిపోయేది.

అది పెద్ద పెద్ద ఇనుప ట్యాంకులు చేసే షెడ్డు. ఒకడు ఉలి పట్టుకుంటాడు, ఇంకొకడు సమ్మెట ఎత్తి దాని నెత్తిన వేస్తాడు. అలాంటి జంటలు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా. పొద్దస్తమానం అదే మోత. పక్కన పిడుగు పడ్డా ఎవడూ తలెత్తడు. వాళ్ళ తలల మీదుగా క్రేను ఇనుప రేకులు మోసుకుంటూ తిరుగుతుంది. కదిలే ముందు డ్రైవరు గంట కొడతాడు గానీ, అది సమ్మెట వేసేవాడికి వినబడదు గాక వినబడదు. అందుకని చేతికి పొడుగాటి కర్ర ఇచ్చి ఒక మనిషిని పక్కన నిలబెడతారు. గంట వినగానే వెళ్ళి కింద పనిచేసేవాళ్ళ వీపు తట్టాలి, వాళ్ళు పక్కకు జరుగుతారు. అంతే చెవి ఉద్యోగం. ఊరికే నిలబడి జీతం తీసుకుంటున్నాడని కుళ్ళుకున్న మహానుభావులు కూడా ఉన్నారు.

నిజం చెప్పాలంటే ఆ కర్ర అతని చేతిలో ఉండకూడదు. ఉండకూడని పరిస్థితి వచ్చి చాన్నాళ్ళయింది. మొదట గంట సన్నబడింది. డ్రైవరు బద్ధకిస్తున్నాడనుకుని అతనితో గొడవ కూడా పెట్టుకున్నాడు. తర్వాత ఓ రోజు క్రేను వచ్చింది, గంట రాలేదు. ఆనాటి నుంచి చెవుల పని కళ్ళతో చేశాడు. క్రేను మీద నుంచి చూపు తిప్పేవాడు కాదు. కంట్లో నలక పడినా నలుపుకునేవాడు కాదు. అలా ఏళ్ళు గడిచాయి, ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. దాంతో ఏం కాదులే అన్న ధైర్యం వచ్చింది. కొంప ముంచేది ఆ ధైర్యమే.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ వయసులో ఇంకెవరు పనిస్తారు? అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఉలి పట్టుకునేవాళ్ళలో ఒకడు అతని బావమరిది. అమ్మ లేకపోతే అక్క చేతుల మీద పెరిగిన పిల్లాడు. వాణ్ణి ఆ పనిలో పెట్టించింది ఇతనే. "మీరున్నారనే పంపిస్తున్నా. లేకపోతే ఆ ఇనుము కిందికి నా తమ్ముణ్ణి చచ్చినా పంపను" అంది భార్య. ఆవిడ ఆ మాట అనేనాటికే గంట సగం పోయింది. అయినా తలూపాడు.

వీధి మలుపులో ఓ బారు ఉండేది. మంగళవారాలు గిరాకీ ఉండదని దాని ఓనరు ఆ సాయంత్రాలు సైన్సు ఉపన్యాసాలు పెట్టించేవాడు. టిక్కెట్టు లేదు, తాగి తీరాలన్న రూలూ లేదు. ఎవరో ఒక చదువుకున్నాయన వచ్చి, సీసాల అల్మరా పక్కన తెర కట్టి, నక్షత్రాల గురించో చీమల గురించో చెప్పి పోయేవాడు. "తాగే చోట కూడా పాఠాలేంట్రా నాయనా" అని షెడ్డు జనం ఆ రోజు అటు తొంగి కూడా చూసేవాళ్ళు కాదు. చెవి మాత్రం ఒక్క వారం తప్పేవాడు కాదు. ఎప్పుడూ ముందు బల్లే, మైకు పెట్టెకు ఎదురుగా. రోజు మొత్తంలో మనిషి మాట ఏ ఇబ్బందీ లేకుండా అతనికి చేరేది అక్కడే మరి. చెప్పేవాళ్ళు ఎదురుగా నిలబడి నిదానంగా చెబుతారు, బొమ్మలు చూపిస్తారు, ఎవరూ "ఏంటి, వినబడలేదా" అని విసుక్కోరు. ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయని ఓసారి ఇంటికెళ్ళి సంబరంగా చెప్పాడు. "ఉన్న ఒక్కదాంతోనే చస్తున్నాం" అంది భార్య.

ఒక మంగళవారం బారు బయట పలక మీద "మన చెవి ఎలా పనిచేస్తుంది" అని రాసి ఉంది. అది చూసి షెడ్డు మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరేయ్, మనవాడి గురించే చెబుతార్రా, పదండి!" మేస్త్రి, సమ్మెట వేసే బండోడు, బావమరిది, ముగ్గురూ వచ్చి అతని బల్ల దగ్గరే కూలబడ్డారు. లేచి వెళ్ళిపోదామంటే అతన్ని పెళ్ళికొడుకులా మధ్యలో కూర్చోబెట్టారు.

చెప్పడానికి వచ్చింది ఒక డాక్టరమ్మ, చిన్న వయసే. చెవి లోపల సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయంది. ఎడతెగని మోతకు అవి ఒక్కొక్కటే చచ్చిపోతాయంది. ముందు పోయేవి సన్నటి శబ్దాలట. గంటలు, ఈలలు, పిట్టల అరుపులు. మాటలు ఆఖరున పోతాయట, అందుకే నా చెవులకేం ఢోకా లేదనుకుంటాడట మనిషి. చచ్చిన ఆ వెంట్రుకలు మళ్ళీ మొలవవు అని కూడా చెప్పింది. ఆ మాట దగ్గర అతని ప్రాణం ఉసూరుమంది. ఎప్పటికైనా బాగవుతుందేమోనన్న ఆశ తనలో ఉండేదని, అది పోయినప్పుడే అతనికి తెలిసింది.

"ఇప్పుడొక చిన్న ఆట" అంది డాక్టరమ్మ. "ఒక శబ్దం వేస్తాను. అది సన్నబడుతూ పోతుంది. వినబడుతున్నంతసేపు చెయ్యి ఎత్తి ఉంచండి, ఆగిపోగానే దించెయ్యండి."

అందరూ చేతులెత్తారు. ఏదో ఈల లాంటిది మొదలైంది, చూస్తుండగానే అతనికి మాయమైపోయింది. షెడ్డుకంతా చెవి అనిపించుకున్నవాడు అందరికన్నా ముందు చెయ్యి దించితే ఇంకేమైనా ఉందా? ఓరకంట బావమరిదిని చూశాడు. వాడివి కుర్ర చెవులు, వాడు దించినప్పుడు దించుదామనుకున్నాడు. వాడు దించలేదు. మేస్త్రీ దించలేదు, బండోడూ దించలేదు. వెనక బల్లల్లో చేతులు ఒక్కొక్కటే వాలిపోయాయి. చివరికి బారు మొత్తంలో ఆ నాలుగు చేతులే మిగిలాయి.

డాక్టరమ్మ దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది. "శబ్దం ఆపేసి చాలాసేపైందండీ."

బారు గొల్లుమంది. మేస్త్రి అందరికన్నా గట్టిగా బల్ల చరిచి మరీ నవ్వాడు. బండోడు లేచి నాటకంలో రాజులా జనానికి వంగి దణ్ణం పెట్టాడు. డాక్టరమ్మ మళ్ళీ తెర దగ్గరికి వెళ్ళిపోయింది.

బావమరిది మాత్రం నవ్వలేదు. అతని వైపు తిరిగి, "బావా, నువ్వెవర్ని చూసి ఎత్తి ఉంచావ్?" అన్నాడు.

"నిన్నే."

"నేను నిన్ను చూశా. వీళ్ళిద్దరూ కూడా నిన్నే చూశారు." వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "షెడ్డులో గంట వినబడుతోందా నీకు?"

అబద్ధం ఆడదామనే నోరు తెరిచాడు. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన పిల్లాడు అలా చూస్తుంటే నాలుక తిరగలేదు. "లేదురా" అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు చేరేటప్పటికే సగం పోయింది."

మేస్త్రి నవ్వు ఆపి ముందుకు వంగాడు. "ఈ మాట ఈ బల్ల దాటడానికి వీల్లేదు. దాటిందంటే ఆఫీసువాళ్ళు అందరి చెవులూ పరీక్ష చేయిస్తారు. ఇప్పుడే చూశాంగా మన భాగోతం! ఒక్కడు మిగలడు. చెవీ, కర్ర నీ దగ్గరే ఉండనీ, కళ్ళల్లో ఒత్తులేసుకుని చూడు. మిగతావాళ్ళు ఎవడి ప్రాణం వాడు చూసుకోండి."

"ఇన్నాళ్ళూ ఏమైంది గనక" అన్నాడు బండోడు.

బావమరిది గ్లాసు అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున అతను కర్ర తీసుకెళ్ళి మేస్త్రి ముందు పెట్టాడు. "వేరే ఎవరికైనా ఇవ్వు మేస్త్రీ. నా వల్ల కాదు."

"ఎవడికివ్వను? నువ్వే చెప్పు, ఎవడికి వినబడుతోందిక్కడ?" అన్నాడు మేస్త్రి.

అతను కర్ర మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అక్కడే పారేసి బయటికి నడిచి ఉంటే! పిరికివాడని తిట్టాలనిపిస్తుంది. తిట్టే ముందు ఎవరి పొయ్యి వాళ్ళు ఓసారి చూసుకోవాలి.

ఆ రోజు చూసినంత జాగ్రత్తగా అతను క్రేనుని ఎన్నడూ చూడలేదు. కానీ కింద వేరే గొడవ మొదలైంది. నిన్నటిదాకా బావమరిది ఉలి పట్టుకుని వంగితే ఇక లోకం పట్టేది కాదు, వెనక బావ ఉన్నాడు. ఇప్పుడు మాటిమాటికీ తలెత్తి పైకి చూస్తున్నాడు, తర్వాత వెనక్కి తిరిగి ఇతన్ని చూస్తున్నాడు. బండోడు సమ్మెటను గాల్లోనే ఆపుకోవాల్సి వస్తోంది. "ఉలి చూడరా, నా సామిరంగా!" అని మండిపడ్డాడు. వాడు తలూపుతాడు, కాసేపు వంగుతాడు, మళ్ళీ తిరుగుతాడు. నేను చూస్తున్నాలే, నువ్వు పని చూసుకో అని అతను చెయ్యి ఊపాడు. ఊపిన కొద్దీ వాడికి భయం పెరిగింది.

మధ్యాహ్నం భోజనాలకు ముందు క్రేను ఆ చివర ఖాళీగా ఆగి ఉంది. పైనుంచి ఏ ప్రమాదమూ లేదు. అయినా వాడు తల తిప్పాడు. బావ మొహంలోకి చూశాడు. బండోడి సమ్మెట అప్పటికే దిగుతోంది. ఉలి కాస్త పక్కకు వాలింది. సమ్మెట వాడి చేతి మీద పడింది.

ఇన్నేళ్ళూ గంట వినబడని మనిషిని నమ్ముకుని పని చేశారు, ఒక్కడికి గోరు ఊడలేదు. నిజం తెలిసిన మొదటి రోజే చెయ్యి పోయింది. ఎవర్ని తిట్టాలో చెప్పండి!

ఆసుపత్రి వరండాలోకి భార్య కుట్టుపని మధ్యలోంచి లేచి పరిగెత్తుకొచ్చింది. వేళ్ళు తీసెయ్యక తప్పదని డాక్టరు చెప్పి లోపలికెళ్ళాడు. ఆమె బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని అడిగింది.

"మీరు వెనక ఉండగా వాడికి తిరిగి చూడాల్సిన అవసరం ఏమొచ్చిందండీ?"

అతను మొత్తం చెప్పాడు. గంట, బారు, ఎత్తిన చేతులు, ఏదీ దాచలేదు. అంతా విన్నాక ఆమె మామూలు గొంతుతో, అతనికి అర్థమయ్యేలా మొహం ఎదురుగా పెట్టి అడిగింది.

"మరి వాడి అరుపు? అదైనా వినబడిందా?"

వాడి నోరు తెరుచుకోవడం అతను చూశాడు. అంతవరకే. లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఆమె లేచి, తమ్ముడున్న గది తలుపు దగ్గరి బెంచీ మీదికి వెళ్ళి, అతని వైపు వీపు పెట్టి కూర్చుంది.