నాలుగో మనిషికి చోటు

ఆ రోజుల్లో మా కోలార్ బంగారు గనుల ఊళ్ళ నుంచి బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్ళే ఆడవాళ్ళకు ఇల్లంటే రాత్రి పడుకునే చోటు మాత్రమే, అసలు కాపురం పొద్దున రైలులోనే. గనులు మూతబడ్డాక మా నాన్నల తరం పని కోసం భూమిలోకి దిగడం మానేసింది, మా తరం పని కోసం రైలెక్కడం మొదలుపెట్టింది. జడలు అల్లుకున్నది అందులో, చిక్కుడుకాయలు ఒలిచింది అందులో, పెళ్ళి సంబంధాలు కుదిరింది, చెడింది కూడా అందులోనే. ఆ రైలుకు ఒక చట్టం ఉండేది. ముగ్గురి కోసం చేసిన సీట్లో నలుగురు కూర్చోవాలి. నాలుగో మనిషి ఒక్క తుంటి ఆనించుకుని, మిగతా ఒంటిని దేవుడికి వదిలేసి బెంగళూరు చేరాలి. దీన్ని కాదన్నవాళ్ళు లేరు. నేనెక్కేదాకా అది చక్కగా నడిచిందట. నా దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది, ఎందుకంటే నేను లావు. (మా అమ్మ 'బొద్దు' అనేది. అది తల్లి ప్రేమ. నేను లావే.)

బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే ఉద్యోగానికి మొదటి రోజు కోరమండల్‌లో రైలెక్కాను. నా ముందు ఎక్కిన సన్నపాటి అమ్మాయిలకు "కొంచెం జరగండమ్మా" అంటూ అందరూ చోటిచ్చారు. నా వంతు వచ్చేసరికి అందరికీ కిటికీ బయట ఏదో కనిపించింది. నేను తలుపు దగ్గర పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అలా నిలబడితే సన్నగా కనిపిస్తానని నా నమ్మకం. నిజానికి అప్పుడు కనిపించేది ఊపిరాడని లావుపిల్ల.

"ఏమే పాపా, ఆడ ఏం చేస్తాండావు? ఇట్ల రా" అని చివరి సీటు నుంచి ఒక గొంతు వినిపించింది. చూస్తే నాకంటే రెండింతలున్న మనిషి. నుదుట బొట్టు లేదు, మెడలో చిన్న సిలువ. ఊరిగాంలో ఎక్కి, బెంగళూరులో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే ఆమెను రైలంతా 'డబులక్క' అనేది. నాకు మాత్రం ఆ రోజు నుంచి అక్క. పక్కన పెట్టిన క్యారేజీ సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, "కూసో. అంచున కాదు, బాగా కూసో. ఇంగ ఊపిరి వదలవే, బెంగళూరు దాకా బిగబట్టుకుంటే సచ్చిపోతావు" అంది. వదిలాను. చుడీదారు పక్క కుట్టు కూడా అప్పుడే వదిలేసింది. అక్క చప్పుడు చేయకుండా పిన్నీసు అందించింది.

అలా ఆ సీటు మాదైంది. కిటికీ పక్కన అక్క, నడుమ నేను, మిగిలిన ఆ కాస్త సందులో 'పెన్సిలు' అని పిలిచే ఒక బక్కపిల్ల. నాకు 'బోండా' అని పేరు పెట్టారు. రైలు మొత్తంలో ముగ్గురే కూర్చునే సీటు మాదొక్కటే కాబట్టి, నిలబడ్డవాళ్ళ కోపమంతా మా మీదే ఉండేది. అందరికంటే ఎక్కువ బంగారుపేటలో ఎక్కే టీచరమ్మకు. ఆమె రోజూ మా ఎదురుగానే నిలబడి, "కొందరు ఒక టికెట్టు తీసుకుని ఒకటిన్నర చోటు తింటారు, ఏం న్యాయమమ్మా ఇది?" అని పంకాతో చెప్పుకునేది. అక్క క్యారేజీ మూత తీస్తూ, "నా టికెట్టు మీద ఊరి పేరు రాసినారు టీచరమ్మా, తూకం రాయలేదు" అనేది. టీచరమ్మతో సహా అందరూ నవ్వేవాళ్ళు. నవ్వయ్యాక వైద్యం మొదలయ్యేది. ఒకామె ఉలవ నీళ్ళు తాగమనేది, ఇంకొకామె తేనె, నిమ్మకాయ. రాత్రిపూట రాగిముద్ద మానమని ఒకరు, ముద్ద తప్ప ఏదీ తినొద్దని ఇంకొకరు తగువు పడేవాళ్ళు. వాళ్ళు తేల్చేలోగా అక్క తన ముద్దను బస్సారు పులుసులో ముంచి సగం నాకు పెట్టేసేది.

ఆ అక్కకు డొక్కలో నొప్పి ఉండేది. రైలు కుదిపినప్పుడల్లా కుడిపక్క చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకునేది. డాక్టరు దగ్గరికి పోలేదా అంటే, "పోతినే. తల ఎత్తకుండానే బరువు తగ్గించుకోమన్నాడు. మోకాలు నొప్పన్నా అదే మాట, ఆయాసమన్నా అదే మాట. మొన్న కత్తి తగిలి వేలు తెగిందని పోతే కట్టు కట్టి, దాన్తో పాటు బరువు కూడా తగ్గమన్నాడు" అని నవ్వింది. బరువు మంచిది కాదని నాకూ తెలుసు. నాకిప్పుడు షుగరుంది, మాత్రలు మింగుతున్నాను, సాయంత్రాలు నడుస్తున్నాను. డాక్టరు బరువు మాటెత్తాడని నాకు కోపం లేదు. అక్కను బల్ల మీద పడుకోబెట్టి ఒక్కసారైనా డొక్క మీద చెయ్యి వేసి చూడలేదని కోపం. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

కొన్నాళ్ళకు అక్క తగ్గడం మొదలుపెట్టింది. ముందు గాజులు జారాయి, తరువాత జాకెట్లు వదులయ్యాయి, తరువాత మా సీట్లో జానెడు చోటు కనిపించింది. టీచరమ్మ దాన్ని అందరికంటే ముందు చూసి, ఒక తుంటి ఆనించి కూర్చుని, "ఇప్పుడు చట్టం అందరికీ ఒకటే అయింది" అంది. డాక్టరు కూడా మెచ్చుకున్నాడట. నాకు మాత్రం ఏడుపొచ్చింది. రైలు మొత్తానికి లావు మనిషిని ఇక నేనొక్కదాన్నే కదా అని. (ఆ వయసులో ప్రపంచంలోని కష్టాలన్నీ మన ఒంటి చుట్టూనే తిరుగుతాయి.)

ఆ ఏడు ఆయుధపూజకు ఎప్పటిలాగే మా రైలు పెట్టెకు అరటి పిలకలు కట్టి, బంతిపూల దండలు వేసి, బొరుగులు పంచాం. మా వైపు ఎవరైనా ఏదైనా సాధిస్తే సన్మానం చేయకపోతే తోచదు. టీచరమ్మ శాలువా తెచ్చింది. ఎవరో మైసూరు పేటా, అదే జరీ తలపాగా, తెచ్చి అక్క తలకు పెట్టారు. అది వదులై కళ్ళ మీదికి జారింది. గంధపు దండ వేసి, పళ్ళ బుట్ట చేతిలో పెట్టి, "ఇంత సన్నబడినారే, ఆ గుట్టేందో మాకూ చెప్పాల" అని టీచరమ్మ అడిగింది. అక్క పేటా పైకెత్తుకుని, కొంచెం సిగ్గుపడుతూ, "గుట్టేముండాది టీచరమ్మా, ఆకలి కాలేదు. అంతే" అంది.

పెట్టె పెట్టెంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. "చూసినారా, నోరు కట్టుకుంటే ఏమైనా సాధ్యమే" అని ఎవరో మా అందరికీ బుద్ధి చెప్పారు. అక్క పళ్ళ బుట్ట నా ఒళ్ళో పెట్టేసింది. మాలూరు దాటాక చూస్తే కిటికీకి తల ఆనించి, డొక్క మీద చెయ్యి పెట్టుకుని ఉంది. శాలువా ఇంకా భుజాల మీదే ఉంది.

హాస్టలు నడిపే సిస్టరమ్మ బలవంతం మీద అక్క బెంగళూరులో పెద్దాసుపత్రికి వెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ డొక్క మీద చెయ్యి వేసి, చాలాసేపు తీయకుండా, "ఇంతకాలం ఏం చేస్తున్నారమ్మా?" అని అడిగిందట. "మీలాంటోళ్ళ ముందరే కూసోనుంటి" అందట అక్క. కడుపులో గడ్డ. అప్పటికే ఆలస్యమైంది.

నేనూ పెన్సిలూ ఊరిగాంలో గని కంపెనీ కాలం నాటి అక్క పాత ఇంటికి వెళ్ళాం. పెద్ద మంచం మీద అక్క ఒక పక్కగా పడుకుని ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. నన్ను చూసి, "రావే బోండా. చూడు, ఇప్పుడు ఈ మంచం మీద ఇంకా నలుగురు కూసోవచ్చు" అంది. నన్ను నవ్వించాలని అంది, కానీ నాకు నవ్వు రాలేదు. మంచం అంచున ఒక్క తుంటి ఆనించి కూర్చున్నాను. ఆ నీరసంలోనూ ఆమెకు కోపం వచ్చింది. "అట్ల కూసోవద్దని నీకు ఎన్నిసార్లు చెప్పినాను? నీ చోటు నీదే. బాగా కూసో." జరిగి బాగా కూర్చున్నాను. మంచం కిర్రుమంది. అక్క అప్పుడు నవ్వింది. క్రిస్మస్ అయిన వారంలోనే వెళ్ళిపోయింది. శవపెట్టె మోసినవాళ్ళు తేలిగ్గా ఉందన్నారు.

నేనిప్పటికీ అదే రైలు ఎక్కుతున్నాను. టీచరమ్మ రిటైరైంది. అక్క పోయాక ఆమె మా సీట్లో మళ్ళీ ఎప్పుడూ కూర్చోలేదు, జానెడు చోటున్నా నిలబడే వచ్చేది. పెన్సిలుకు ఇద్దరు పిల్లలు పుట్టాక ఆ పేరు అతకడం లేదు, అయినా మేం మార్చలేదు. ఇప్పుడు ఉలవ నీళ్ళ బదులు అందరూ ఫోన్లలో అడుగులు లెక్కబెట్టుకుంటారు. ఎవరైనా సన్నబడితే "ఎట్ల తగ్గినావు?" అని మిగతావాళ్ళు అడుగుతారు. నేను మాత్రం "ఆకలవుతాండాదా?" అని అడుగుతాను. నాకు చాదస్తమని వాళ్ళ నమ్మకం.

మొన్నొక కొత్తపిల్ల ఎక్కింది. లావుగా ఉంది. తలుపు దగ్గర పొట్ట లోపలికి లాక్కుని, కళ్ళు నేల మీద పెట్టి నిలబడింది. అందరికీ కిటికీ బయట ఏదో కనిపించింది. నేను క్యారేజీ సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. "ఇట్ల రా పాపా. ఇది ముగ్గురి సీటే" అన్నాను. వచ్చి అంచున కూర్చుంది. "బాగా కూసో. ఇంగ ఊపిరి వదలవే" అన్నాను. ఆ గొంతు నాదిలా లేదని పెన్సిలు చటుక్కున నా వైపు తిరిగింది, తిరిగి కళ్ళు తుడుచుకుంది. పిల్ల ఊపిరి వదిలింది. నాకు నవ్వొచ్చింది, ఆ పిల్లను చూసి కాదు, పిన్నీసు పెట్టుకుని బెంగళూరు దాకా సిగ్గుతో తల ఎత్తని ఆ పాత బోండాను చూసి. నా సంచిలో పిన్నీసు ఎప్పుడూ ఉంటుంది. తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను.