స్టాక్టన్ పాలకూర వేసిన అమోక్

కాలిఫోర్నియాలోని మా ఫ్రీమాంట్ ఆఫీసులో వన్నా మధ్యాహ్నం తన డబ్బా వేడి చేసుకుంటే, ఫ్లోరంతా చేపల కంపని మేనేజర్‌కి మొదట ఈమెయిల్ పెట్టింది మన తెలుగువాళ్ళే. మన ఇంగువ తాలింపు లోకానికంతా పరిమళం, పక్కవాడి చేప మాత్రం కంపు! ఆ డబ్బాలోది అమోక్. నిమ్మగడ్డి, పసుపు, వెల్లుల్లి నూరిన ముద్దని కొబ్బరిపాలలో కలిపి, చేప ముక్కలు వేసి, అరటాకు దొప్పలో ఆవిరి మీద ఉడికించే కంబోడియా కూర. అందులో సగం నాకు పెట్టేవాడు. రెండేళ్ళ క్రితం అతన్ని ఈ దేశం నుంచి కంబోడియాకి పంపేశారు. కుర్రప్పటి కేసులో పడ్డ పాత శిక్షని కొట్టేయమని అతను వేసిన పిటిషన్ వచ్చే నెల కోర్టుకొస్తుంది. గెలిస్తే తిరిగి రావచ్చు. ఓడితే ఇక తల్లీకొడుకులు కలవడం కల్ల. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే ఆ తల్లి అంత దూరం వెళ్ళలేరు. లంచ్ వేళకి నా ముక్కు ఇప్పటికీ ఆ వాసన వెతుక్కుంటుంది. అందుకే ఒక ఆదివారం, ఆవిడ అమోక్ అమ్మే స్టాక్టన్‌కి బయల్దేరాను.

ఆదివారం ట్రైన్ లేదు, కారే గతి. ఎనిమిదిన్నరకి బయల్దేరితే 680, 580 హైవేల మీదుగా, గాలిమరల కొండలు దాటి, ట్రేసీ ఊరి పక్కనుంచి పదిలోపు చేరతారు. రానూపోనూ పెట్రోలుకి పాతిక డాలర్లు. డ్రైవింగ్ మా టీమ్ మురళిది. హెచ్‌-1బి వీసా మీద ఏళ్ళ తరబడి గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూస్తున్నవాడు.

“అక్కా, కోపం తెచ్చుకోకు గానీ, ఇల్లీగల్‌గా ఉన్నోళ్ళని పంపిస్తే తప్పేంది? మనం లైన్‌ల నిలబడతలేమా?”

“వన్నాకి గ్రీన్ కార్డ్ ఉండేదిరా.”

కారు కొంచెం నెమ్మదించింది. “ఏందీ?”

“పుట్టింది థాయిలాండ్ రెఫ్యూజీ క్యాంపులో. చంటిబిడ్డగా ఇక్కడికొచ్చాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక కొట్లాట, జైలు. బయటికొచ్చి ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేశాక, ఆ పాత శిక్ష పేరుతో కార్డు రద్దు చేసి ‘నీ దేశానికి పో’ అన్నారు. ఆ దేశంలో అతను అంతవరకూ అడుగే పెట్టలేదు.”

పది కాకముందే స్టాక్టన్ చేరాం.

ఒక పార్కింగ్ లాట్‌లో ఆదివారపు సంత. నీలం టెంట్ కింద వన్నా అమ్మగారు. పక్కన నీళ్ళ సీసాకి ఆనించిన ఫోన్‌లో, చెవులకి హెడ్‌సెట్‌తో, వన్నా! కంబోడియా రాజధాని నాంపెన్‌లో అప్పుడు అర్ధరాత్రి. కాల్ సెంటర్‌లో అతనికి బ్రేక్. అమెరికన్ల క్రెడిట్ కార్డ్ గొడవలు తీర్చే ఉద్యోగం. ఈ దేశానికి మనిషి అక్కర్లేదు, అతని ఇంగ్లిష్ మాత్రం కావాలి!

“లావయ్యావే!” అన్నాడు నన్ను చూసి.

“నువ్వు చిక్కిపోయావు. అక్కడ వీధివీధికీ అమోకేగా, తినవా?”

“తిన్నాను. అడుగున ఏదో చేదాకు వేస్తారు. అసలైన పద్ధతి అదేనట. నాకు ఎక్కదు. అమ్మ పాలకూర వేస్తుంది. అదే నాకు అమోక్.”

“వచ్చిన కొత్తలో ఇక్కడ ఆ ఆకు దొరకలేదమ్మా,” అన్నారు ఆవిడ, తప్పంతా తనదే అన్నట్టు. “దొరికింది వేశాను. వాడికి అదే అలవాటైంది.”

స్టాక్టన్ పాలకూర మరిగిన నాలుకని తీసుకెళ్ళి ఎక్కడో దించి, ఇదే నీ దేశమన్న చట్టాన్ని ఏమనాలి? నాకొచ్చిన మాటలు ఇక్కడ రాయలేను.

మురళి దొప్పని అన్నం మీద బోర్లించి చేత్తో కలిపేశాడు. “స్పూన్, స్పూన్!” అని ఆవిడ కంగారు.

“ఉండనీ అమ్మా, వాళ్ళంతే,” అన్నాడు ఫోన్‌లోంచి వన్నా. “ఇప్పుడు పచ్చడి కూడా అడుగుతాడు చూడు.”

“ఉందా?” అన్నాడు మురళి ఆశగా. ఫోన్‌లోనూ బయటా నవ్వులు.

తిరుగుదారిలో మురళి ఒక్కటే అడిగాడు. “ఆయన లాయర్ నంబరుందా, అక్కా?” వన్నా కోసమో, తన కోసమో నేను అడగలేదు. కార్డు చేతికొస్తే ఈ నేల మనదైపోతుందని మనవాళ్ళ నమ్మకం. వన్నాకి కార్డుండేది, ఉద్యోగముండేది, ఇక్కడి ఆకుకూర మీద బెంగ ఇప్పటికీ ఉంది. ఇంతకన్నా ఒక మనిషి ఒక ఊరివాడు ఎలా అవుతాడు? తీర్పు ఏమొస్తుందో తెలియదు. అంతదాకా ప్రతి ఆదివారం ఆవిడ పొయ్యి వెలిగిస్తారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. దొప్ప పన్నెండు డాలర్లు, క్యాష్ మాత్రమే, ఉదయం పదకొండు దాటితే మిగలవు. ఆవిడ ఫోన్‌ని మీ కంచం వైపు తిప్పితే మొహమాటపడి గబగబా తినేయకండి. తన బ్రేక్ అయిపోయేదాకా వన్నా చూస్తుంటాడు.