కిటికీలో మొలిచిన సబ్జా

వేసవిలో మా ఇంట్లో అందరూ సబ్జా నీళ్లు తాగుతారు. నేను తాగను.

తొంభైల్లో ఒక ఏప్రిల్‌లో బందరు బస్సెక్కాను. నా పక్క సీట్లో బుర్ఖా వేసుకున్న ఒకావిడ కూర్చుంది. ఆవిడ ఒళ్లో పాత పాలపొడి డబ్బా, అందులో ఎండ తగలక సన్నగా సాగిపోయిన మొక్కలు. తులసా అని అడిగాను.

“కాదండీ, సబ్జా. గవర్నర్‌పేటలో మేడ మీద గది మాది. వంటింటి కిటికీలో పెట్టి మొలిపించాను.”

ఎవరికి తీసుకెళ్తున్నారన్నాను.

“మా పాపకండీ. మావాళ్లు సమాధి మీద ఇదే పెడతారు.” మళ్లీ తనే చెప్పింది. “జ్వరమొస్తే చలవ చేస్తుందని గింజలు కొన్నాను. నానబెట్టిన గ్లాసు అలాగే ఉండిపోయింది. మిగిలిన గింజలు ఇలా చల్లుతున్నాను.”

వాళ్ల పుట్టింటి ఊళ్లో ఆడవాళ్లు ఖబరస్తాన్ లోపలికి వెళ్లరట. డబ్బా గేటు దగ్గరే తమ్ముడి చేతికిచ్చి, తిరుగు బస్సెక్కేస్తుందట.

“పోయినసారి పెట్టినవి బాగా పెరిగాయంటాడండీ. పెరిగితే మళ్లీ తెమ్మని ఎందుకంటాడు?”

వేడిగాలికి మొక్కలు ఒక పక్కకి వాలిపోతుంటే ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టింది. నేను కిటికీ అద్దం మూసేశాను. బస్సు ఉడికిపోతున్నా బందరు దాకా తెరవలేదు.

దిగేముందు ఆవిడ డబ్బాలోకి చూస్తూ, “ఆ గింజలు అయిపోయాయండీ. ఇవే ఆఖరు” అంది.

సబ్జా ఏ కొట్లోనైనా దొరుకుతుంది కదా అనబోయి, నోరు మూసుకున్నాను.