తెల్లరంగు కింద ఏనుగు

నా మనవరాలి కోసం గోడ నిండా నేను వేసిన బొమ్మల మీద మా ఇంట్లోవాళ్లే తెల్లరంగు కొట్టించారు. నేను ఊళ్లో లేని సమయం చూసుకుని కొట్టించారు. ఎందుకు కొట్టించారని అడిగితే ఒక్కరూ జవాబు చెప్పలేదు.

ముందుగా ఈ మాట రాసేస్తే తప్ప నాకు కలం ముందుకు సాగదు. ఈ సంగతి ఎవరితో చెప్పబోయినా, ‘అదికాదు బాబాయ్, ముందు జరిగింది కూడా చూడాలి గదా’ అని అడ్డం వచ్చినవాళ్లే. ముందు జరిగింది నాకు తెలియదా? ఆ మనవరాలు కన్ను తెరవలేదు. నెలలు నిండి, కాన్పులోనే పోయింది. ఇప్పుడు మా కోడలు మళ్లీ కడుపుతో ఉంది. ఇలాంటి సమయంలో ఆ గోడ మీద తెల్లరంగు కొట్టించడమంటే నాకు తెలిసిన అర్థం ఒకటే. పాప పోయింది నీ బొమ్మల వల్లే అని చెప్పడం. ఆ మాట నోటితో అంటే నేను బదులు చెప్పేవాణ్ణి. గోడతో అంటే ఎవరికి చెప్పను?

నేను బెజవాడ ఆటోనగర్‌లో లారీలకు బొమ్మలు వేసి బతికినవాణ్ణి. బడి చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. తర్వాతదంతా గ్రంథాలయంలో కూర్చుని, తెలియని మాట పక్కవాణ్ణి అడుగుతూ నేర్చుకున్నదే. చిలకలు, తామరపూలు, నెమళ్లు, వెనక డోరు మీద కొండల మధ్య సూర్యుడు, ముందువైపు రెండు కళ్లు, దిష్టికి నిమ్మకాయా మిరపకాయలూ. ఈ చేత్తో ఎన్ని వేశానో లెక్క లేదు. వేశాను గానీ దిష్టిని ఏనాడూ నమ్మలేదు. పుస్తకాలు నాకు నేర్పినదాంట్లో మొదటిది అదే.

గది మాట మొదట ఎత్తింది మా కోడలే. ఆ అమ్మాయి కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని నా పక్కన కూర్చుంది.

“మావయ్యగారూ, ఈ మధ్య పిల్లల గదికి థీమ్ అని పెడుతున్నారండీ. ఇదిగో, ఇది అడవి. ఇది చందమామ. మీకేది నచ్చింది?”

“ఇదేంటమ్మా, అన్నీ ఒకటే బూడిద రంగు! ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటు నుంచి బూడిద తోలే లారీలా ఉంది.”

“అయితే మీరు వెయ్యండి.”

“నేను వేస్తే లారీలాగే ఉంటుంది మరి.”

“ఉండనివ్వండి. పిల్లో పిల్లాడో, లారీలోనే పడుకుంటారు.”

అలా మొదలైంది. మా భవానీపురం ఇంట్లో వెనక గది, అప్పటిదాకా పాత పరుపులూ సూట్‌కేసులూ పడేసుకునే గది, ఖాళీ చేశాం. థీమ్ ఇద్దరం కూర్చుని ముందు కాగితాల మీదే కట్టాం. కృష్ణలో నీళ్ల మీద ఒక లారీ పోతూ ఉంటుంది. డ్రైవరు మొసలి. క్లీనరు పిల్లి, తలుపు పట్టుకుని వేలాడుతూ ‘రైట్ రైట్’ అంటూ ఉంటుంది. లోడు మీద గేదె గొడుగు వేసుకుని కూర్చుంటుంది. బ్యారేజీ దగ్గర టోల్‌గేటు. అక్కడ బాతులు వరుసలో నిలబడి తలా ఒక నత్తగుల్ల కడుతూ ఉంటాయి. కళ్లజోడు పెట్టుకున్న కొరమీను రసీదు ఇస్తుంది. సీలింగు మీద జలుబు చేసిన చందమామ, మెడకు మఫ్లరు. అన్నిటికీ పైన బెలూన్‌లో ఎగిరే ఏనుగు.

ఆ ఏనుగు దగ్గర మా కోడలు ఒప్పుకోలేదు.

“ఆ బెలూన్‌కి ఆ ఏనుగు లేవదండీ మావయ్యగారూ. మా స్టూడెంట్స్ చూస్తే నా ఉద్యోగం పోతుంది.”

“ఏనుగు శనివారం ఉపవాసం ఉందిలేమ్మా.”

“శనివారాలు ఎన్నున్నా చాలవండీ!”

చివరికి బెలూన్ సైజు పెంచాను. ఆ అమ్మాయి కాగితం మీద ఏదో లెక్క వేసి, ఇప్పటికీ లేవదు గానీ పోనివ్వండి అంది.

మా ఆవిడ మాత్రం గది గడప తొక్కలేదు. బయటే నిలబడి మాట్లాడేది.

“పుట్టకుండా ఇవన్నీ చెయ్యకూడదండీ. ఉయ్యాల తేకూడదు. కొత్త గుడ్డ కొనకూడదు. పుట్టిన బిడ్డకి మొదట పాత చీర ముక్కే చుడతాం. మీకు తెలీదా?”

“ఏ పుస్తకంలో ఉంది?”

“మా అమ్మ నోట్లో ఉంది.”

“గోడకు రంగు వేస్తే కడుపులో బిడ్డకేం తెలుస్తుందే?”

“జీవితమంతా లారీలకి నిమ్మకాయలు వేసిన మనిషా నాకు చెప్పేది!”

“వేశాను. నమ్మలేదు.”

“నమ్మినవాళ్ల పుణ్యాన అన్నం తిన్నాం గదా. కాస్త నమ్మితే పోయిందేముంది?”

ఉయ్యాల విషయంలో ఆవిడ మాటే నెగ్గింది. నేను అప్పటికే చేయించి, లారీ డోరుకు వేసినట్టు తామరపువ్వు వేసి ఉంచిన చెక్క ఉయ్యాల బిడ్డ పుట్టేదాకా అటక దిగడానికి వీల్లేదంది. సరే అన్నాను. కొంకీలు మాత్రం సీలింగుకు బిగించాను. బొమ్మల విషయంలో నేను తగ్గలేదు.

మొదటి కాన్పు పుట్టింట్లో కాబట్టి ఏడో నెలలో వాళ్లవాళ్లు వచ్చి అమ్మాయిని గుడివాడ వైపు తీసుకెళ్లారు. రంగుల వాసన ఆ అమ్మాయికి పడదని, తను వెళ్లాకనే నేను గోడల మీద అసలు పని పట్టాను. స్టూలు ఎక్కి, మెడ వెనక్కి వంచి, సీలింగు మీద చందమామకు మఫ్లరు చుట్టిన రోజు నా వయసు నాకు గుర్తు రాలేదు. ఏ రోజు ఏది పూర్తయితే దాని ఫోటో వాట్సాప్‌లో పంపేవాణ్ణి. ‘బాతుల్లో ఒకటి క్యూ తప్పించి ముందుకు దూరాలండీ, లేకపోతే అది బెజవాడ ఎలా అవుతుంది’ అని అక్కణ్ణించి మాట పంపింది. ఒక బాతును జరిపాను.

తర్వాత జరిగింది ఎక్కువ రాయను. ఆసుపత్రిలో డాక్టరమ్మ, ‘పేగు మెడకి చుట్టుకుందండీ, ఎవరి తప్పూ లేదు’ అంది. ఆ మాట నా చెవులతో విన్నాను. మగవాళ్లం వెళ్లి, చేయాల్సింది చేసి వచ్చాం. మా కోడలు కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి తిరిగి వచ్చింది. గది తలుపు ఎవరో దగ్గరగా వేశారు. మా ఆవిడ ‘చెప్పానా’ అంటుందని ఎదురు చూశాను. అంటే ఏం చెప్పాలో మనసులో వరుసగా పెట్టుకున్నాను కూడా. ఆవిడ అనలేదు. ఇప్పటికీ అనలేదు. ఆ వరుస అలాగే నా లోపల ఉండిపోయింది.

ఇలాంటి నింద నాకు కొత్త కాదు. ఆటోనగర్‌లో ఉన్నప్పుడు ఒక లారీ యజమాని కొత్త బండికి కళ్లు వేయించుకున్నాడు. నేను కాస్త సొగసుగా ఉంటుందని రెప్పలు కొద్దిగా వాల్చి వేశాను. ఆ బండి ఏలూరు కాలవ మలుపులో బోల్తా కొట్టింది. డ్రైవరు కాలు విరిగింది. యజమాని నేరుగా నా షెడ్డుకు వచ్చి నలుగురిలో నిలబడి, ‘నువ్వు నిద్రకళ్లు వేశావు, నా బండి నిద్రపోయింది’ అన్నాడు. బ్రేకులు పట్టలేదని మెకానిక్కుకు తెలుసు. డ్రైవరుకూ తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు. ఆ ఏడాదంతా నా చేత కళ్లు వేయించుకున్న బండి లేదు. తామరపూలతో నెట్టుకొచ్చాను. నా తప్పు కాదని ఒక్క మాట అనమని ఆ యజమాని ఇంటికి ఎన్నిసార్లు తిరిగానో! అనకుండానే పోయాడు. చావు కబురు వచ్చిన రోజు నాకు జాలి కంటే ముందు, ఇక ఆ మాట ఎవడంటాడు అనే కోపం వచ్చింది.

అందుకే ఈసారి వదలదల్చుకోలేదు.

రెండో కాన్పు అత్తవారింట్లో చేయడం మా వైపు అలవాటు. కాబట్టి మా కోడలు ఈసారి ఇక్కడే ఉంది. నాలుగో నెల దాటాక ఒక పూట భోజనాల దగ్గర, “ఆ గది దులుపుతాను, గేదె గొడుగు కాస్త వెలిసింది, ఇంకో చెయ్యి వేస్తాను” అన్నాను. మా అబ్బాయి పెరుగు గిన్నె నా వైపు జరిపాడు. అదే సమ్మతి అనుకున్నాను.

తర్వాత అవనిగడ్డలో మా చెల్లెలి మామగారి పెద్దకర్మకు వెళ్లి వచ్చాను. మెట్ల మీదనే వాసన తగిలింది. రంగుల మధ్య బతికిన ముక్కు, పొరపాటు పడదు. సంచీ చేతిలో ఉండగానే వెనక గదికి వెళ్లాను. నాలుగు గోడలూ తెలుపు, సీలింగు తెలుపు. నేను వేసింది ఎనామిల్, దాని మీద నీళ్ల రంగు కొట్టారు. కిటికీలోంచి ఎండ పక్కవాటంగా పడితే ఏనుగు అంచు గోడ మీద గీతలా పైకి తేలి కనిపిస్తోంది. ఆసుపత్రి గోడకు గాయం కుట్టినట్టు ఉంది.

“ఏరా, ఇదేంటి?” అన్నాను మా అబ్బాయిని.

“ఇప్పుడెందుకు నాన్నా ఆ గొడవ? ముందు కాళ్లు కడుక్కోండి.”

“ఎవరు కొట్టమన్నారు?”

“ఎవరో ఒకరు. గోడే గదా నాన్నా.”

“గోడే అయితే మీ హాలుకి కొట్టించుకోవాల్సింది!”

మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి ఊపింది. “అరవకండి. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉంది.”

“ఉంటే? నిజం వింటే బిడ్డకి దిష్టి తగులుతుందా?”

“మీకో దణ్ణం. ఊరుకోండి.”

ఊరుకోలేదు. ఆ రోజు నుంచి వాళ్లతో కూర్చుని అన్నం తినడం మానేశాను. కరకట్ట మీద టీ బడ్డీ దగ్గర కూర్చునేవాణ్ణి. ఇంటికి ఎవరు వచ్చినా, మా ఆవిడ అక్కచెల్లెళ్లు గానీ, పై వాటావాళ్లు గానీ, అందరికీ మొత్తం సంగతి చెప్పేవాణ్ణి. డాక్టరమ్మ మాట ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. “పేగు చుట్టుకుంది, బొమ్మ చుట్టుకోలేదు. డాక్టరు చెప్పింది వినండి, పేగు మెడకి చుట్టుకుంది” అని. ఒక్కోసారి మా కోడలు ఆ పక్కనే ఉండేది. కంచం తీసుకుని లేచి లోపలికి వెళ్లిపోయేది. అది కూడా నాకు ఒక రకం జవాబులాగే తోచి, ఇంకా మండేది. నాతో కూర్చుని బాతును క్యూ తప్పించమన్న మనిషే లేచి వెళ్లిపోతే ఇక వేరేవాళ్లను ఏమనను?

మా అబ్బాయి ఒకసారి నన్ను బయటికి తీసుకెళ్లి, “నాన్నా, కాళ్లు పట్టుకుంటాను, ఆ మాట ఎత్తకండి” అన్నాడు. “అయితే జవాబు చెప్పరా” అన్నాను. వాడు బండి స్టార్ట్ చేశాడు.

చివరికి ఆ అమ్మాయినే అడిగాను. చెకప్‌కి వెళ్లి వచ్చి, ఆటో దిగి, మెట్లెక్కిన ఆయాసంతో వరండాలో నిలబడింది. నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. తాగేదాకా ఆగాను.

“అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పు. నా బొమ్మల వల్లే ఆ పిల్ల పోయిందని నువ్వూ అనుకుంటున్నావా?”

గ్లాసు నా చేతికి ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట నేను రాత్రి భోజనం సంగతి అటుంచి, టీ కూడా ముట్టలేదు. ఇంత చదువూ ఇంట్లోకి వచ్చి దిష్టిబొమ్మ అయిపోయిందని మా ఆవిడతో అన్నాను. ఆవిడ మంచం మీద అటు తిరిగి పడుకుంది.

తర్వాత ఒక ఆదివారం పొద్దున నేను వరండాలో పేపరు చదువుతున్నాను. ఆ అమ్మాయి ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి, నాకు ఎదురుగా వేసుకుని, నడుముకు చెయ్యి ఆనించి మెల్లగా కూర్చుంది. పేపరు పక్కన పెట్టమంది. పెట్టాను. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. క్లాసులో చెప్పినట్టు చెప్పింది:

“రంగు కొట్టమన్నది ఆయన కాదండీ, నేను. అత్తయ్యగారు వద్దనే అన్నారు. మీ బొమ్మల వల్ల అని నేనొక్క రోజు కూడా అనుకోలేదు. మీరు అనుకుంటున్నారేమో నాకు తెలీదు. పుట్టింటి నుంచి ఒట్టి చేతుల్తో వచ్చాక ఆ గది మొదటిసారి కళ్లతో చూశాను. కాలేజీ నుంచి రాగానే, మీరు టీకి వెళ్లినప్పుడు, దాంట్లో కాసేపు కూర్చునేదాన్ని. మనం పాపకి పేరు పెట్టలేదు. ఫోటో తియ్యలేదు. ఇంట్లో దాని మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే మీరొక్కరే, అదీ పేగు సంగతి చెప్పడానికి. దానికంటూ మనింట్లో ఉన్నది ఆ గది ఒక్కటేనండీ. అది దాని గది. దాంట్లోకి తీసుకెళ్లి ఇంకో బిడ్డని నేను పడుకోబెట్టలేను. పోనీ అంటే మనకి ఇంకో గది లేదు. అందుకని కొట్టించాను. కొడుతున్నంతసేపూ అక్కడే నుంచున్నాను. నా ఎదురుగా ఆ పేగు మాట ఇంకెవరికీ చెప్పకండి మావయ్యగారూ.”